అందరి తర్వాత తినే మనిషి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు భోజనాల బల్ల దగ్గర కుర్చీ ఎక్కి నిలబడి, చెంచాతో కంచం వాయిస్తూ, "ఐ ఈట్ ఫస్ట్! డాడీ ఈట్స్ సెకండ్! నానమ్మ ఈట్స్ లాస్ట్!" అని అరిచింది. అది బడిలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. దాని ఇంగ్లీషుకు ఇంటిల్లిపాదీ మురిసిపోయి చప్పట్లు కొట్టారు. నా చేతిలోని చారు గిన్నె మాత్రం జారి నేలమీద పడింది. "కాలిందా అత్తయ్యా?" అంటూ కోడలు పరిగెత్తుకొచ్చింది. కాలలేదన్నాను, చెయ్యి తడిగా ఉండి జారిందన్నాను. ఇన్నేళ్ల తర్వాత ఆ మాటలు అదే వరసలో, అంత చిన్న గొంతులో వినపడతాయనుకోలేదు. నేనూ ఒకప్పుడు ఆ మాటలు అంతే గట్టిగా, అంతే సంబరంగా అరిచినదాన్నే.

మా ఊరు సముద్రానికీ ఉప్పు కాలువకూ నడుమ ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ ఆ ఊరు కాదు. పొలాలు రొయ్యల గుంటలైపోయాయి, కాలువలో పడవలు లేవు. అప్పట్లో తెరచాప పడవలు సరుగుడు కట్టెలూ ఉప్పూ నింపుకుని మద్రాసుకు పోతుండేవి. గాలి పడిపోయిన రోజున పడవవాళ్లు గట్టుమీద నడుస్తూ తాళ్లు భుజాన వేసుకుని లాగేవాళ్లు. తూర్పుగాలి తిరిగితే ఇంట్లోకి ఎండుచేపల వాసన వచ్చేది, పడమటి గాలి తిరిగితే పండిన వరి వాసన. గాలిని బట్టి మా ఆకళ్లు కూడా మారుతుండేవి.

మాది వరి పండించే ఇల్లు. వసారాలో గాదె, పెరట్లో పాతర, చివరికి తాత మంచం కింద కూడా వడ్ల మూటలే. మొలగొలుకుల బియ్యం ఎసట్లో పడితే వీధి మలుపు దాకా కమ్మటి వాసన పోయేది. సముద్రపు పల్లె నుంచి చేపలమ్మే ఆమె గంప దించితే, మా జేజి, అంటే నాయనమ్మ, వడ్లు కొలిచి పోసి చేపలు తీసుకునేది. ఇద్దరూ పొద్దున్నే తగువుతో మొదలుపెట్టేవాళ్లు.

"ఇది నిన్న చచ్చిన చేపా, మొన్న చచ్చిన చేపామ్మే?" అనేది జేజి.

"నీ వడ్లు ఈ ఏటియ్యా, పోయినేటియ్యా రెడ్డెమ్మా? అది జెప్పు ముందు," అనేది ఆమె.

తిట్టుకున్నంత సేపు తిట్టుకుని, ఆకూ వక్కా వేసుకుని విడిపోయేవాళ్లు. ఆ చేపలు పచ్చి మామిడికాయ ముక్కలతో మట్టిసట్టిలో పులుసై, మరునాటికి ఇంకా రుచి తేరేవి. ఆ రుచి మళ్లీ నాకు ఎక్కడా తగల్లేదు. ఇప్పుడు మా కోడలు పుణ్యాన ఫ్రిజ్జులో పెట్టిన పులుసు తింటున్నాను, వంక పెట్టడం మర్యాద కాదు కనుక బాగుందంటున్నాను.

వంటింట్లో మా జేజి మాటే శాసనం. బియ్యం కొలిచి ఇచ్చేది ఆమె. ఒకపూటకు ఒకే ఎసరు. వంట కాగానే పొయ్యి అలికి ముగ్గు వెయ్యాలి. అలికిన పొయ్యి మళ్లీ ఆ పూట వెలిగించకూడదు. "తన కడుపు కోసం రెండో ఎసరు పెట్టుకునే ఆడది ఇల్లు నిలబెట్టదు" అనేది జేజి. ఆ మాట ఆమెకు వాళ్ల అత్తగారు చెప్పిందట. ఆ అత్తగారికి ఎవరు చెప్పారో దేవుడికే తెలియాలి.

మా అమ్మ ఆ ఇంటికి ఒక్కతే కోడలు. నా తర్వాత ఆమెకు ఇద్దరు పుట్టారు, ఇద్దరూ పురుడు వెళ్లకముందే పోయారు. ఆ ఏడు మళ్లీ కడుపుతో ఉంది. ఈసారి బిడ్డ దక్కాలని ఇంట్లో పడని తపన లేదు. సముద్రపు గాలి కొట్టిందని ఒకరన్నారు, పక్షిదోషమని ఒకరన్నారు. అమ్మ మెడలో, మొలలో, జబ్బకు తాయెత్తులు వేలాడేవి. మంత్రసాని వచ్చి పొట్ట తడిమి, "బిడ్డ ఎదగలేదమ్మా, పిడికెడు ఉండాది," అని పెదవి విరిచి వెళ్లింది. ఆ మాట విన్న రోజున జేజి పోలేరమ్మ గుడికి పోయి మొక్కుకొచ్చింది. కాన్పు అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం ఒక బాటసారికి అరుగుమీద ఇస్తరి వేసి కడుపునిండా అన్నం పెడతానని ఆ మొక్కు. విడిగా వండి పెడితే అది ఫలించదట. ఇంటివాళ్లకని వండిన అన్నంలోంచే తీసి పెట్టాలట.

కాలువ గట్టున పడవవాళ్లకు ఈ సంగతి తెలిసిపోయింది. రోజూ ఎవరో ఒకరు భుజాన తాడు రాసిన ఒరుపుతో మా అరుగుమీదికి వచ్చి కూర్చునేవారు. కష్టపడి వచ్చిన మనుషులు, బాగా తినేవారు. మొహమాటపడితే జేజి ఊరుకునేది కాదు. "తిను నాయనా, నువ్వు తింటే నా కోడలి కడుపు పండుతాది," అని పక్కన నిలబడి కొసరి కొసరి పెట్టించేది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి. మా జేజి చెడ్డదని ఎవరన్నా అనుకుంటారేమో, ఆ మాట నేను ఒప్పుకోను. అంత చల్లని చెయ్యి నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడే నేను ఆరో తరగతిలోకి వచ్చాను. అప్పుడు దాన్ని ఫస్టు ఫారం అనేవాళ్లు. ఇంగ్లీషు మొదలయ్యేది ఆ తరగతిలోనే. మా బడికి నెల్లూరు నుంచి ఒక కిరస్తానీ టీచరమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, తెల్లచీర, ఎండకు నల్లగొడుగు. ఆమె పాఠం పుస్తకంలోంచి చెప్పేది కాదు. చేస్తూ చెప్పాలి, చెబుతూ చెయ్యాలి. మమ్మల్ని ఒక్కొక్కరినే గోడ దగ్గర్నుంచి బల్ల దాకా నడిపించి, "ఐ కమ్ ఫస్ట్," "షి కమ్స్ సెకండ్," "హి కమ్స్ థర్డ్" అని అందరిచేతా అరిపించేది.

"ముందు పని పేరు చెప్పండి. దాని వెనకే వరస చెప్పండి. ఇంగ్లీషులో అంతే, భయపడబాకండి," అనేది.

ఆ వరస మాకు పిచ్చి పట్టించింది. తెలుగులో ముందొకరు, తర్వాత ఒకరు, ఆ తర్వాత ఇంకొకరు అని చెప్పుకుంటూ పోతే ఎవరు ఎక్కడున్నారో ఎవరికీ పట్టదు. టీచరమ్మ ఇంగ్లీషులో ప్రతి మనిషినీ పట్టుకుని ఒక అంకె కింద నిలబెట్టాలి. ఇసుకలో ఎండ్రకాయల వెంట పరిగెత్తితే నేను ఫస్టు పట్టినా, నువ్వు సెకండు పట్టినావు. కాలువలో దూకితే ఎవడు థర్డు దూకాడో తేలేదాకా తగువు. ఉమ్మినా వరసే, తుమ్మినా వరసే. మా అన్నయితే తిట్లు తినడంలో కూడా ఫస్టు తనే అని చెప్పుకున్నాడు. అది మాత్రం నిజమే. మా పాలేరు కూడా నేర్చుకున్నాడు. "బర్రె ఫస్టు, నేను సెకండు" అంటూ కుడితి తొట్టి దగ్గర్నుంచి చద్దన్నం తినడానికి వచ్చేవాడు.

ఒక శనివారం ఒంటిపూట బడి అయ్యాక, మేం కొందరం టీచరమ్మ గది కిటికీ దగ్గర పొంచి చూశాం. ఆమె భర్త నెల్లూరు నుంచి సైకిలు మీద వచ్చాడు. ఇద్దరూ చాపమీద ఎదురెదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకుని, ఒకేసారి అన్నంలో చెయ్యి పెట్టారు. ఒకేసారి! మాకు ఊపిరి ఆగింది. పైగా ఆయనే లేచి ఆమెకు చారు పోశాడు. ఈ వార్త సాయంత్రానికల్లా ఊరంతా పొక్కింది. బావి దగ్గర ఆడవాళ్లు బిందెలు కింద పెట్టి మరీ నోళ్లు నొక్కుకున్నారు.

"మొగుడు పక్కన కూర్చుని ముద్ద ఎట్టా దిగతాదో తల్లీ!"

"కలికాలం గాకపోతే!" అని మా జేజి బుగ్గన వేలు పెట్టుకుంది. అమ్మ మాత్రం చేదతాడు పట్టుకుని బావిలోకి చూస్తూ నిలబడింది. కాసేపటికి, "చారు పోసినాడా?" అని నన్ను మెల్లగా అడిగింది.

మా తాతకు నా ఇంగ్లీషంటే మహా ముచ్చట. ఎవరొచ్చినా నన్ను పిలిచి మాట్లాడించేవాడు. నాకు వచ్చినవి ఆ నాలుగు ముక్కలే. "తాత ఈట్స్ ఫస్ట్. నాయన ఈట్స్ సెకండ్," అని అరిచేదాన్ని. అర్థం చెబితే తాత మీసం దువ్వి, "చూసినారా, దొరల భాషలో గూడా నేనే ఫస్టు!" అని పకపకా నవ్వేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. లోపల తలుపు చాటున అమ్మ కూడా నవ్వేది.

అలా ఉండగా ఒకరోజు టీచరమ్మ, ఇంట్లో భోజనాల వరస చెప్పమంది. ఒక్కొక్కరే లేచి అప్పజెప్పాం. పేర్లే తేడా, వరస అందరిదీ ఒకటే. తాతలు ఫస్టు, నాయనలు సెకండు, ఆఖరున మదర్ ఈట్స్ లాస్ట్. సముద్రపు పల్లె నుంచి వచ్చే పిల్ల ఒక్కతే తడబడింది. దానికి ఎవరిని ఫస్టు అనాలో తేలలేదు. "మేమందరం ఒక సట్టి చుట్టే కూర్చుంటాం టీచర్. ఫస్టూ లాస్టూ లేదు," అంది. మేం పగలబడి నవ్వాం. టీచరమ్మ నవ్వలేదు.

నా వంతు వచ్చింది. నేను ఛాతీ విరుచుకుని, తాత ఫస్టు, నాయన సెకండు, అన్న థర్డు, నేను ఫోర్తు, జేజి ఫిఫ్తు, మదర్ ఈట్స్ లాస్ట్ అని ఒక్క ఊపున చెప్పేశాను. టీచరమ్మకు మా ఇంటి సంగతీ, అమ్మ కడుపుతో ఉన్న సంగతీ తెలుసు. ఆమె నన్ను కూర్చోమనకుండా, "మీ అమ్మ ఏం తింటుంది?" అని అడిగింది.

"అన్నం," అన్నాను.

"నువ్వు చూశావా?"

తాత తినడం తెలుసు, పెరుగన్నంలో ఊరుబిండి పచ్చడి నంజుకుంటాడు. నాయనకు చేప తలకాయ ఇష్టం. జేజి తాత లేచాక ఆ ఇస్తట్లోనే తింటుంది. అమ్మ? వడ్డిస్తూ వంగిన అమ్మ, గరిటె పట్టిన అమ్మ, పొయ్యి ఊదే అమ్మ, అన్నీ కళ్లకు కట్టాయి. నోట్లో ముద్ద పెట్టుకునే అమ్మ ఎంత వెతికినా దొరకలేదు. పుట్టి ఇన్నేళ్లయింది, మా అమ్మ తినగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. వెనక్కి తిరిగి చూస్తే తరగతిలో ఎవరూ నవ్వడం లేదు. అందరూ వాళ్ల వాళ్ల అమ్మల్ని వెతుక్కుంటున్నట్టున్నారు.

"రేపు చూసి రా," అంది టీచరమ్మ, అంతే.

మరునాడు కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టాను. అది నాకు బాగా వచ్చిన విద్య. జేజి వాము నమిలించింది. నేను వసారాలో చాపమీద దొర్లుతూ, ఒక కన్ను మూసి ఒక కన్ను వంటింటి మీద పెట్టాను. అమ్మ వంట చేసి, పొయ్యి అలికి, ముగ్గు వేసింది. తాతా నాయనా తిన్నారు. అన్న తిని చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాడు. అరుగుమీదికి ఒక పడవ మనిషి వచ్చాడు. జేజి కేకలేస్తుంటే అమ్మ మళ్లీ మళ్లీ అన్నం తెచ్చి వేసింది. ఆయన తృప్తిగా త్రేన్చి, "చల్లగా ఉండు తల్లీ," అని దీవించి పోయాడు. జేజి తాత ఇస్తట్లో రెండు ముద్దలు తిని నడుం వాల్చింది. అమ్మ కుండలో నీళ్లు పోసి, అంటుకున్న మెతుకులు చేత్తో గోకి, ఉప్పు కలుపుకుని తాగింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇంక అన్నం తింటుందనుకున్నాను.

అమ్మ లేచి పశువుల కొట్టంలోకి వెళ్లింది. నేను పిల్లిలా వెనకే పోయాను. బర్రెకు నానెయ్యడానికి గంపలో తెలగపిండి ఉంటుంది. నువ్వులు గానుగ ఆడగా మిగిలిన పిప్పి అది. అమ్మ అటూ ఇటూ చూసి, ఒక పెళ్ల విరిచి నోట్లో పెట్టుకుంది. ఇంకో పెళ్ల విరిచింది. గబగబా నములుతోంది. పక్కన బర్రె కుడితి తాగి, తల ఎత్తి, అమ్మ వైపు చూస్తోంది.

నేను కెవ్వుమన్నానట. అమ్మ ఉలిక్కిపడి తిరిగింది. పెదవులకు పొడి అంటుకుని ఉంది. నా దగ్గరికి వచ్చి నోరు మూసి, ఒళ్లోకి లాక్కుంది.

"ఎవురికీ చెప్పబాకమ్మా. లోపలుండే బిడ్డ ఊరుకోవడంల్యా. తన్నతాది. మీ జేజికి తెలిస్తే మొక్కు చెడిందని బాధపడతాది."

అమ్మ పొట్ట నా చెంపకు తగులుతోంది. అందులో బిడ్డ కదిలింది. ఇంటినిండా వడ్లు పెట్టుకుని, ఊళ్లో వాళ్లందరికీ అన్నం పెట్టే ఇంట్లో, మా అమ్మ బర్రె గంపలో చెయ్యి పెట్టింది. ఆ దిగ్భ్రమ ఇవాళ్టికీ నాలో అలాగే ఉంది. బిడ్డ దక్కాలని మొక్కిన మొక్కే బిడ్డ నోటి కూడు తీస్తోందని అప్పుడు నాకు మాటల్లో తెలీదు. కానీ కడుపులో తెలిసింది. ఈ బిడ్డ కూడా పోతుందని భయమేసింది. ఆ బిడ్డతో పాటు అమ్మ కూడా పోతుందేమోనని ఇంకా భయమేసింది.

మరునాడు బడికి పోయి, అందరి ముందూ చెప్పలేక, టీచరమ్మ కొంగు పట్టుకుని చెవిలో చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. మధ్యాహ్నం గంట కొట్టగానే గొడుగు తీసుకుని, నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి నడిచింది.

ఆ రోజు కాలువలో పడవలు లేవు. జేజి ఇస్తరి వేసుకుని, మొక్కు తప్పుతుందేమోనని వీధి వైపు చూస్తూ నిలబడి ఉంది. మేం వెళ్లేసరికి నాయన తిని పొలానికి పోయాడు, తాత భోంచేసి అరుగుమీద పడక కుర్చీలో ఉన్నాడు. జేజి టీచరమ్మను చూసి ఒక్క క్షణం తటపటాయించింది. కిరస్తానీ ఆమె మొక్కు అన్నానికి పనికొస్తుందా అన్నది ఆ తటపటాయింపు. తర్వాత, "ఆకలికి కులమేంది, రా తల్లీ, కూర్చో," అంది. అమ్మను కేకేసింది. అమ్మ అన్నం తెచ్చి వడ్డించింది. వంకాయ కూర, పప్పు, నెయ్యి. టీచరమ్మ ఇస్తరి ముందు కూర్చుంది గానీ చెయ్యి పెట్టలేదు.

"తినమ్మా, మొగమాటపడబాక," అంది జేజి.

"తింటానమ్మా. మీ కోడలు తిన్నాక తింటాను. ఈ ఇస్తట్లో ఉండేది ఆమె అన్నమే."

జేజికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ముఖం ఎర్రబడింది. "ఏంది మాట? మా ఇంట్లో కూడుకు కరువా? ఊరంతా తినిపోయే ఇల్లిది! వచ్చి ఇస్తరి ముందు కూర్చుని అన్నాన్ని అవమానిస్తావా?"

"కుండ చూడండి," అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు.

తాత కుర్చీలోంచి లేచాడు. మా ఇంట్లో మగవాళ్లు వంటింటి గడప దాటడం నేను అంతవరకూ చూడలేదు. ఆయన దాటాడు. పొయ్యి అలికి ముగ్గు వేసి ఉంది. అన్నం కుండ మూత తీశాడు. తీసినవాడు అలాగే వంగి ఉండిపోయాడు. కుండ కడిగినట్టుంది.

"నువ్వేం తింటావమ్మా?" అని అమ్మను అడిగాడు. కోడలితో ఆయన నేరుగా మాట్లాడడం కూడా అదే మొదలు. అమ్మ గోడకు అతుక్కుపోయి తల దించుకుంది. నేను ఆగలేకపోయాను. "బర్రె తెలగపిండి తింటాది తాతా!" అని ఏడ్చేశాను.

తాత జేజి వైపు తిరిగాడు. "ఏమే! నా ఇంట్లోనా?" అన్నాడు.

"నా మీద గుడ్లురిమితే ఏంది?" జేజి కూడా గొంతు పెంచింది. "నేనేం తిన్నానో ఎన్నడన్నా అడిగినారా? మీ అమ్మ చేతికింద నేనూ కుండ గోక్కునే తిన్నా. కడుపుతో ఉన్నప్పుడూ అంతే. అందరు ఆడోళ్లూ అంతే. నాకు గూడా మొదట్లో ముగ్గురు బిడ్డలు..."

అక్కడ ఆగిపోయింది. ఆమె కళ్లు అమ్మ పొట్టమీద ఆగాయి. ఆమెకు ముగ్గురు పోయారని మాకు తెలుసు. సముద్రపు గాలి కొట్టి పోయారని చెప్పేది. ఆ ముగ్గురూ ఎందుకు పోయారో మా జేజికి ఆ క్షణంలో, ఆ ఖాళీ కుండ ముందు తెలిసింది. నేను కళ్లారా చూశాను. మనిషి ముఖం అలా ఒక్కసారిగా ముసలిదైపోవడం మళ్లీ ఎప్పుడూ చూడలేదు. గోడ పట్టుకుని మెల్లగా కిందికి జారింది.

కాసేపటికి జేజి లేచింది. గాదె దగ్గరికి పోయి బియ్యం తెచ్చింది, కొలవలేదు. అలికిన పొయ్యిమీద, వేసిన ముగ్గుమీద కట్టెలు పేర్చి అగ్గి రాజేసింది. ఎసరు పెట్టింది. అన్నం ఉడికేదాకా అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం. అరుగుమీద టీచరమ్మ చల్లారిపోయిన ఇస్తరి ముందు అలాగే కూర్చుని ఉంది.

జేజి పీట వాల్చి అమ్మను రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. అమ్మ ఒప్పుకోలేదు. అత్త వడ్డిస్తుంటే ఎలా తినాలి, మామ చూస్తుంటే ఎలా తినాలి?

"నీకు గాదు, బిడ్డకు పెడతుండా. తిను," అంది జేజి.

అమ్మ తిన్నది. మొదటి ముద్ద మెల్లగా, రెండోది గబగబా. తర్వాత ఇంక తల ఎత్తలేదు. పొగలు కక్కే అన్నం, చల్లారనివ్వకుండా, నమలకుండా, ఎవరో లాక్కుంటారన్నట్టు తిన్నది. జేజి వేస్తూనే ఉంది. అమ్మ తింటూనే ఉంది. మా అమ్మకు అంత ఆకలి ఉంటుందని మాలో ఒక్కరికీ తెలీదు. తాత చూడలేక పైగుడ్డతో ముఖం కప్పుకుని పెరట్లోకి పోయాడు. ఆయన ఏడుపు బయటికి వినపడింది.

టీచరమ్మ అప్పుడు అన్నంలో చెయ్యి పెట్టింది.

ఆ రోజు నుంచి కాన్పు దాకా అమ్మకు జేజి చేతి ముద్ద తప్పలేదు. బాటసారి ఇస్తరి కూడా మానలేదు, ఎసట్లో బియ్యం పెరిగాయి, అంతే. చెల్లెలు పుట్టింది. ఎర్రగా, గట్టిగా, ఊరు లేచేలా ఏడ్చింది. మంత్రసాని, "ఇది దక్కతాది రెడ్డెమ్మా," అని నవ్వింది. అమ్మ కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "మంత్రసానికి అన్నం పెట్టినారా?" జేజి తల బాదుకుంది.

పురుడు వెళ్లిన కొన్నాళ్లకే అమ్మ మళ్లీ అందరికీ వడ్డించి తర్వాత తినడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఎంతమంది బతిమాలినా కూర్చునేది కాదు. కాకపోతే కుండలో అన్నం ఉండేది. అది చూసే పని జేజి తను పోయేదాకా ఎవరికీ వదల్లేదు.

అమ్మ పెద్దతనం చేసి, అందరి చేతులమీదుగా పోయింది. కర్మ రోజున సముద్రం ఒడ్డున పిండం పెట్టి, కాకి కోసం ఎదురుచూశాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకూడదు. సరుగుడు కొమ్మమీద కాకులు కూర్చుని ఉన్నాయి, దిగలేదు. ఎండ మండిపోతోంది. అన్న దండం పెట్టి, "ఏం కోరికమ్మా? చెప్పు, తీరుస్తాం," అని ఏడ్చాడు. చెల్లెల్ని బాగా చూసుకుంటానన్నాడు. పొలం అమ్మనన్నాడు. తాగుడు మానేస్తానన్నాడు. కాకి కదల్లేదు. పిల్లకాయలు ఆకలికి చీరలు పట్టుకుని లాగుతున్నారు.

"పిలకాయలకు ముందు పెట్టండి," అన్నాను. పురోహితుడు తప్పన్నాడు. చెల్లెలు ఆయన మాట వినలేదు. అన్నం గిన్నె తీసి అందరినీ ఇసుకమీదే కూర్చోబెట్టి ముద్దలు పెట్టింది. పిల్లలు తిన్నారు. తర్వాత అన్న తిన్నాడు, నేను తిన్నాను, చెల్లెలు తిన్నది.

కాకులకు నమ్మకాలుండవు, ఆకలుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు దిగుతాయి. అది నాకు తెలియక కాదు. కానీ చెల్లెలు చెయ్యి కడుక్కుని వచ్చాకే ఒక కాకి కిందికి దిగింది. చచ్చిపోయాక కూడా మా అమ్మ, మేమందరం తిన్నామని చూసుకుని, అప్పుడు తిన్నది.